పొగమంచు, నీళ్లలో నీడలు: వేకువ నడకలో ఫొటోలు తీయడం ఎలా

పొగమంచు కమ్మిన చెరువును ఫొటో తీసినవాళ్లలో చాలామంది అనే మాట ఒకటే, అక్కడ చూసింది ఒకటి, ఫొటోలో వచ్చింది ఇంకొకటి అని. కంటికి తెల్లగా, తేలిగ్గా కనిపించిన మంచు ఫొటోలో బూడిద రంగుకు తిరుగుతుంది, చెట్టు నీడ నల్లటి మరకై కూర్చుంటుంది, అవతలి ఒడ్డు ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. ఖరీదైన కెమెరా లేకపోవడం దీనికి కారణం కాదు. ఎప్పుడు వెళ్లాం, ఎంత కిందికి వంగాం, వెలుతురు ఎంత పెంచాం, ఈ రకం ఫొటో దాదాపు మొత్తం వీటి మీదే నిలబడుతుంది. రోజూ పొద్దున్నే నడిచే అలవాటున్నవాళ్లకి ఇందులో మొదటిది ఇప్పటికే సగం చేతికి వచ్చినట్టే, ఎందుకంటే మంచు చెప్పి రాదు, వచ్చిన రోజు మనం అక్కడ ఉండాలి.

ముందు గాలి సంగతి

పొగమంచుకీ, కదలని నీటికీ మూలం ఒకటే. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడుతుంది, చల్లటి గాలి బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది, పైన ఎంతోకొంత గాలి వీస్తున్నా కింద మాత్రం చడీచప్పుడూ ఉండదు. అలా చల్లబడుతూ చల్లబడుతూ, తనలోని తేమను ఇక మోయలేని ఉష్ణోగ్రతకి, అంటే డ్యూ పాయింట్‌కి దిగేసరికి ఆ తేమ సన్నటి బిందువులుగా మారి గాల్లో తేలుతుంది. అదే పొగమంచు. సూర్యుడు పైకొచ్చి నేలను వేడెక్కించాక కింది గాలి, పై గాలి కలగలిసిపోతాయి, మంచు విడిపోతుంది, సరిగ్గా ఆ వేళకే నీటి మీద అలలు కూడా మొదలవుతాయి. మంచూ ప్రతిబింబమూ దాదాపు ఒకేసారి దొరుకుతాయి, దాదాపు ఒకేసారి చేజారిపోతాయి. ఈ ఒక్క విషయం అర్థమైతే అలారం ఎన్నింటికి పెట్టుకోవాలన్న ప్రశ్నే ఉండదు.

చెరువుల మీద రెండో రకం మంచు ఒకటుంది, నాకైతే అదంటేనే ఎక్కువ ఇష్టం. నీళ్లు దాచుకున్న వేడిని నేలంత త్వరగా వదలవు. వేడి రోజులు పోయి చలి మొదలయ్యే వారాల్లో రాత్రి గాలి బాగా చల్లబడ్డా నీళ్లింకా వెచ్చగానే ఉంటాయి, వాటి మీంచి లేచిన ఆవిరి చల్లగాలి తగలగానే చిక్కబడి పోగులు పోగులుగా, సుళ్లు తిరుగుతూ పైకి లేస్తుంది. మొదటి రకం మంచు ఊరంతా కప్పేస్తే ఇది నీటిని అంటిపెట్టుకుని మోకాలి ఎత్తులోనో నడుమెత్తులోనో తిరుగుతుంది. అవతలి ఒడ్డున చెట్ల తలలు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటాయి, మొదళ్లు మాత్రం మాయమవుతాయి. ఫొటోకి ఇంతకంటే మంచిది ఉండదు, ఎందుకంటే అన్నీ కనిపించవు, అలాగని అన్నీ పోవు.

ముందురోజు రాత్రి వాతావరణం యాప్‌లో నాలుగు సంగతులు చూసుకుంటే చాలు. తెల్లవారుజాము ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ తేడా రెండు మూడు డిగ్రీల లోపు ఉందా, ఆకాశంలో మబ్బు లేదా, గాలి గంటకు 5 కి.మీ. లోపేనా, గత ఒకటి రెండు రోజుల్లో వాన పడిందా. మబ్బు పట్టిన రాత్రి దుప్పటి కప్పినట్టే, నేల వేడి బయటికి పోదు, అలాంటి రాత్రి మంచు మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. గాలి సున్నా అయితే ఇంకా మంచిదనిపిస్తుంది కానీ, పూర్తిగా స్తంభించిన గాలిలో తేమ మంచుగా లేవకుండా గడ్డి మీద వట్టి మంచుబిందువులై పోయే అవకాశం ఎక్కువ. పొగమంచుకి ఆ తేమను కాస్త పైకి కలిపే చిరు కదలిక కావాలి, నీటికేమో అది కూడా వద్దు. గాలి వేగానికి వాడే బ్యూఫోర్ట్ స్కేల్‌లో గంటకు 1 కి.మీ. లోపు ఉంటేనే నీరు అద్దంలా ఉంటుందని లెక్క, 1 నుంచి 5 కి.మీ. మధ్యకి వచ్చేసరికే పొలుసుల్లాంటి చిన్న అలలు మొదలవుతాయి. అందుకే యాప్‌లో అంకె చూసి ఊరుకోకుండా చెరువులో ఏ మూల గాలికి చాటుగా ఉందో తెలుసుకోవాలి.

గాలి ఎటునుంచి వస్తుందో ఆ వైపు ఒడ్డుకి దగ్గరగా, చెట్లో గట్టో అడ్డున్న చోట నీళ్లు కదలవు. అదే గాలి అవతలి ఒడ్డు చేరేసరికి అలలు పెరిగిపోయి ఉంటాయి. చాలామంది మధ్య నీళ్లు కదులుతున్నాయని చూసి వెనక్కి తిరిగిపోతారు, ఓ రెండు వందల అడుగులు నడిచి గాలి వచ్చే వైపు ఉన్న మూలలోకి వెళ్తే అక్కడ నీళ్లు కదలకుండా ఉంటాయి. జమ్ము, తుంగ దట్టంగా పెరిగిన చోట కూడా అంతే. పెద్ద చెరువు కంటే దాని పక్కనున్న చిన్న మడుగు ఎన్నోసార్లు మంచి ఫొటో ఇస్తుంది.

ఎప్పటికి ఒడ్డున ఉండాలి

సూర్యోదయానికి కనీసం నలభై నిమిషాల ముందు. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కింద ఉన్నప్పటి నుంచీ వెలుతురు మొదలవుతుంది, భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో ఆ దశ అరగంట కూడా ఉండదు, దూరం వెళ్లే కొద్దీ సాగుతుంది. ఆ కాసేపట్లోనే మూడు నాలుగు రకాల చెరువులు చూస్తాం. మొదట అంతా నీలం, ఒడ్డుకీ ఆకాశానికీ తేడా తెలియదు, ఫొటో చాలా పొదుపుగా వస్తుంది. తర్వాత తూర్పు తెల్లబడి కాస్త గులాబీ రంగు నీళ్లలోకి దిగుతుంది, ప్రతిబింబాలకి ఇది అసలు సమయం, ఎందుకంటే ఆకాశానికీ నేలకీ వెలుతురులో తేడా ఇంకా తక్కువే ఉంటుంది. పొద్దు పొడిచాక మంచులోకి వెలుగు దిగుతుంది, అప్పుడు కథే మారిపోతుంది.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, పొద్దు పొడవగానే మంచు పోతుందనుకుని కెమెరా సర్దేయకండి. సూర్యుడు వచ్చిన మొదటి కొన్ని నిమిషాల్లో గాలి కొద్దిగా కదిలి, గడ్డి మీది తేమ ఆవిరై, మంచు అంతకుముందు కంటే చిక్కబడటం మామూలే. రాత్రంతా కలిపి బాగా చల్లగా ఉండేది కూడా చాలాసార్లు సూర్యోదయానికి అటూ ఇటూనే. అరగంట అదనంగా ఉండండి. నడకలో ఒక చుట్టు పూర్తిచేసి మళ్లీ అదే చోటికి వచ్చి చూస్తే అక్కడ కొత్త చెరువు కనిపిస్తుంది.

ముందురోజు సాయంత్రం నడకలోనే చోటు చూసి పెట్టుకోవడం మంచిది. పొద్దు ఎటు పొడుస్తుంది, ఏ చెట్టు నీళ్ల మీదికి వంగి ఉంది, ఎక్కడ అడుగు పెడితే గట్టి నేల, ఎక్కడ బురద. చీకట్లో మంచులో ఇవన్నీ వెతుక్కోవడం ఇబ్బందే కాదు, ప్రమాదం కూడా. తడిసిన గట్టు, నాచు పట్టిన రాయి విపరీతంగా జారతాయి, వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి ఒక అడుగు వేయడం అస్సలు పనికిరాదు. టార్చిలైటు ఉండాలి, పొదల్లో కాలు పెట్టేముందు వెలుగు వేసి చూడాలి, ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పాలి. గూళ్లు కట్టే పక్షులు ఉన్న వైపు వెళ్లొద్దు, వేకువలో అవి లేచిపోతే మళ్లీ గూటికి చేరడానికి చాలాసేపు పడుతుంది, మనకో ఫొటో కోసం గుడ్లు చల్లబడకూడదు.

ఏం తీసుకెళ్లాలి

నడకకి వెళ్తున్నాం, మూటలు మోయడానికి కాదు. ఒక కెమెరా లేదా ఫోను, ఒక తేలికపాటి ట్రైపాడ్, రెండు మెత్తటి గుడ్డలు, ఒక అదనపు బ్యాటరీ. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రెండోదాన్ని జేబులో ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. గుడ్డలు రెండెందుకంటే మంచులో లెన్స్ మీద తేమ చేరుతూనే ఉంటుంది, మొదటిది పది నిమిషాల్లో తడిసిపోతుంది, తడిగుడ్డతో తుడిస్తే లెన్స్ మీద పొర ఏర్పడి ఫొటో అంతా మసకబారుతుంది, అది చెరువు మీది మంచే అనుకుని మోసపోతాం. ప్రతి పది నిమిషాలకీ లెన్స్‌ని పక్క నుంచి చూసి తుడుస్తూ ఉండండి.

ఏసీ గదిలోంచి తీసిన కెమెరా తేమగాలిలోకి రాగానే లెన్స్ లోపలా బయటా ఆవిరి పట్టేస్తుంది, అది తుడిచినా పోదు. రాత్రే బ్యాగులో పెట్టి ఏసీ లేని చోట ఉంచితే ఈ తంటా ఉండదు. చలి ప్రాంతంలో దీనికి తిరగబడిన సమస్య, చల్లబడ్డ కెమెరాతో వెచ్చటి ఇంట్లోకి వచ్చినప్పుడు. అప్పుడు బ్యాగు జిప్పు తీయకుండా అరగంట వదిలేయండి, కార్డు కావాలంటే బయటే తీసి జేబులో వేసుకోండి.

లెన్సుల మాట అడిగితే, చెరువు అనగానే అందరూ వైడ్, అంటే ఎక్కువ వెడల్పుని పట్టే లెన్స్, పెడతారు, మంచు ఉన్న రోజు నేను దానికి వ్యతిరేకిని. వైడ్‌లో మంచు పల్చబడిపోయి ఖాళీగా కనిపిస్తుంది. 70 మి.మీ. నుంచి 200 మి.మీ. వరకు జూమ్ ఉంటే, దూరంలో ఒకదాని వెనక ఒకటి పల్చబడుతూ పోయే చెట్ల వరసల్ని దగ్గరకి లాగి పక్కపక్కన పెట్టొచ్చు, మంచుకి లోతు అక్కడే కనిపిస్తుంది. వైడ్ వాడాలంటే ముందు భాగంలో గట్టి వస్తువు ఒకటి ఉండాలి, ఒక పడవ ముక్కు, నీళ్లలో నిలిచిన మోడు, తడిసిన రాయి, ఏదో ఒకటి.

వెలుతురు పెంచండి

కెమెరా దేన్ని చూసినా దాన్ని మధ్యరకం బూడిద రంగుగా లెక్కవేసి ఎక్స్‌పోజర్ ఇస్తుంది. తెల్లటి మంచుతో ఫ్రేము నిండిపోతే కెమెరా దాన్నీ బూడిదకి దించేస్తుంది, ఫొటోలు మురికిగా వస్తున్నాయనే బాధకి మూలం ఇదే. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని (వెలుతురుని పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 2/3 నుంచి ప్లస్ 1 దాకా పెంచండి, బాగా దట్టమైన తెల్ల మంచు అయితే ప్లస్ 1 1/3 దాకా కూడా పోవచ్చు. 1940 ప్రాంతంలో ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి తయారుచేసిన జోన్ సిస్టమ్‌లో నలుపు నుంచి తెలుపు దాకా 0 నుంచి 10 వరకు మెట్లుంటాయి, 5వ మెట్టు మధ్య బూడిద. కెమెరా మంచుని 5లో పెడుతుంది, దాన్ని 6లోకో, దానికి కాస్త పైకో ఎక్కించడం మన పని, ఒక్కో మెట్టూ ఒక్కో స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు అన్నమాట. పొద్దు పొడవకముందు నీలి వేళ మాత్రం పెంచకండి, ఆ చీకటే ఆ వేళకి అందం.

హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫ్, చూసి టెన్షన్ పడొద్దు. మంచు ఫొటోలో నలుపూ ఉండదు, పూర్తి తెలుపూ ఉండదు, గీతంతా మధ్యకీ కుడికీ మధ్య ఓ గుట్టగా పోగుపడి ఉంటుంది. అది తప్పు కాదు, మంచు స్వభావమే అది. కుడి అంచుకి తగిలి విరిగిపోకుండా చూసుకుంటే చాలు. రా ఫైల్‌లో (కెమెరా తన మార్పులు చేయకుండా దాచే ఫైలు) తీయండి, ఇంత సన్నటి తేడాలున్న ఫొటోని తర్వాత సరిచేసుకోవాలంటే జేపెగ్‌లో చారలు పడతాయి.

వైట్ బ్యాలన్స్, అంటే రంగుల సర్దుబాటు, ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ నీలాన్నీ ఆ గులాబీనీ సరిదిద్దడానికే చూస్తుంది, దాన్ని డేలైట్‌లో, అంటే 5200 నుంచి 5500 కెల్విన్ దగ్గర పెట్టేయండి. చలి తెలిసే నీలం అలాగే ఉంటుంది.

ఇక అంకెలు. పొద్దు పొడవకముందు ట్రైపాడ్ మీద ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) పెట్టి షట్టర్ స్పీడ్ ఎంత వస్తే అంత, అది కొన్ని సెకన్లు కావచ్చు, పర్వాలేదు. రెండు సెకన్ల టైమర్ పెట్టి నొక్కితే వేలి కదలిక తగలదు. వెలుగొచ్చాక చేత్తో పట్టుకుని తీసేటప్పుడు ఐఎస్ఓ 400 దాకా ధైర్యంగా పెంచండి. ఎఫ్/16 దాటించడం వల్ల లాభం లేదు, డిఫ్రాక్షన్ వల్ల, అంటే మరీ చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం వల్ల, మొత్తం ఫొటో మెత్తబడుతుంది. షట్టర్ స్పీడ్ ఎంచుకోవడంలో ఇంకో సంగతి ఉంది, పది ఇరవై సెకన్లు తెరిచి ఉంచితే చిన్న అలలు చదునైపోతాయి, కానీ సుళ్లు తిరిగే మంచు కూడా పాలపొరగా మారి తన ఆకారం పోగొట్టుకుంటుంది. మంచు పోగులు అందంగా లేస్తున్న రోజు 1/60 కంటే నెమ్మదిగా వెళ్లకండి. నీళ్లు కదులుతున్నాయి, మంచు మాత్రం చదునుగా ఉంది, అలాంటి రోజున ఎక్కువసేపు తెరవండి.

నీటికి దగ్గరగా వంగండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇదే ఉండాలని నా కోరిక. నీళ్లలో నీడ మనం చూసేదానికి అచ్చు నకలు కాదు. మన కెమెరా నీటికి ఎంత ఎత్తున ఉందో, నీటి కింద అంతే లోతు నుంచి చూస్తే చెట్లు ఎలా కనిపిస్తాయో ప్రతిబింబం అలా ఉంటుంది. నిలబడి తీస్తే ఒడ్డు చెట్ల వెనకున్న కొండ పైన బాగా కనిపిస్తుంది, నీళ్లలో మాత్రం ఆ చెట్లే కొండను మింగేస్తాయి. కెమెరాని నీటికి జానెడు ఎత్తుకి దించితే పైదీ కిందిదీ దాదాపు సరిపోతాయి.

ఇంకో కారణం కూడా ఉంది. నీటిని నిటారుగా కిందికి చూస్తే అది తన మీద పడ్డ వెలుతురులో సుమారు 2 శాతమే తిప్పి పంపుతుంది, మిగతాది లోపలికి పోతుంది, అందుకే కాళ్ల దగ్గర నీళ్లలో బురదా నాచూ కనిపిస్తాయి. చూపు నీటి ఉపరితలానికి దగ్గరయ్యేకొద్దీ తిరిగొచ్చే వెలుతురు బాగా పెరుగుతుంది. దూరపు నీళ్లు మెరుస్తూ, దగ్గరి నీళ్లు నల్లగా కనిపించేది ఇందుకే, వంగితే ఆ మెరుపు మన కాళ్ల దాకా వచ్చేస్తుంది. ఒకసారి నిలబడి చూస్తూ మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని చూడండి, మోకాళ్ల కింద అడుగు నీళ్లలో నిలిచిన ఆకుల మధ్య ఆకాశం తెరుచుకోవడం కళ్లారా కనిపిస్తుంది.

పోలరైజర్ ఫిల్టర్ ఉంటే ఈ ఫొటోలకి తీసేయండి. నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు తిరిగొచ్చే వెలుతురు పూర్తిగా ఒకే దిశలో కంపిస్తుంది, ఆ కోణానికి సంబంధించిన సూత్రాన్ని 1815లో డేవిడ్ బ్రూస్టర్ చెప్పాడు, పోలరైజర్ తిప్పితే ఆ వెలుతురే మాయమవుతుంది. మనం వచ్చిందే ఆ నీడ కోసం, దాన్ని చంపుకుంటామా? పైగా ఆ ఫిల్టర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది, వేకువలో మనకి ఉన్నదే కాస్త.

ఫోకస్

మంచులో ఆటోఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటూ తిరుగుతుంది, దానికి పట్టుకోవడానికి అంచు కావాలి. చెట్టు బోదె, పడవ అంచు, మోడు, ఆకాశాన్ని ఆనుకున్న కొమ్మ, ఏదైనా ముదురు గీత మీద పెట్టి లాక్ చేయండి. అప్పటికీ కుదరకపోతే మాన్యువల్‌కి మార్చి స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకుంటూ తిప్పండి.

నీడకి ఫోకస్ పెట్టేటప్పుడు నీటి మీద పెడితే కుదరదు. నీటిలో చెట్టు నీడ ఎంత దూరంలో ఉన్నట్టు లెన్స్‌కి కనిపిస్తుందంటే, మన నుంచి నీళ్ల దాకా, అక్కణ్నుంచి చెట్టు దాకా ఉన్న దూరమంతా కలిపి. అంటే నీడ కూడా చెట్టంత దూరంలోనే ఉంది, దగ్గరి నీటి మీద తేలే ఆకు మాత్రం రెండు అడుగుల్లోనే ఉంది. రెండూ స్పష్టంగా కావాలంటే ఎఫ్/11 పెట్టండి, లేదా ఆకుకొకటి, చెట్టుకొకటి ఫోకస్ మార్చి తీసి తర్వాత కలపండి. నేనైతే ఆకును మసకబారనిచ్చి నీడనే పట్టుకుంటాను.

ఫ్రేములో ఏం పెట్టాలి

మంచు ఉన్న రోజు కష్టం ఏం చూపాలన్నది కాదు, ఏం వదిలేయాలన్నదే. మామూలు రోజు కనిపించే కరెంటు స్తంభాలు, గోడలు, చెత్త అన్నీ మంచే దాచేస్తుంది, మిగిలిన ఒకటి రెండు వస్తువులకి చుట్టూ చోటు వదలండి. ఒక మోడు, దాని నీడ, చుట్టూ తెలుపు. దానిలోకి రెండో ఒడ్డుని, పక్కనున్న పొదని లాక్కురావద్దు.

నీటిగీతని ఫ్రేము మధ్యలో పెట్టొద్దన్న సూత్రం ఇక్కడ చెల్లదు, పైనా కిందా సమానంగా ఉన్నప్పుడు మధ్యలో పెడితేనే ఫొటో నిలబడుతుంది. నీడ విరిగిపోతున్నప్పుడో ఆకాశంలో ఏమీ లేనప్పుడో గీతని పైకో కిందికో జరపండి. గీత ఒరగకూడదు, అర డిగ్రీ ఒరిగినా నీళ్లు కారిపోతున్నట్టు కనిపిస్తుంది. వంపు తిరిగిన ఒడ్డుని చూసి తూకం వేయకండి, అది మోసం చేస్తుంది. నిటారుగా ఉన్న చెట్టునీ దాని నీడనీ చూడండి, రెండూ ఒకే నిలువు గీతలో ఉంటే కెమెరా తిన్నగా ఉన్నట్టు.

చెట్టు కొననీ, నీళ్లలో దాని కొననీ రెండింటినీ ఫ్రేములో ఉంచండి, ఒకదాన్ని కోస్తే రెండోది అర్థం కోల్పోతుంది. పక్షి ఏదైనా ఉంటే దాని నీడకీ ఒడ్డు నీడకీ మధ్య కాస్త తెల్ల నీరు ఉండేలా అటో ఇటో రెండడుగులు జరగండి.

ఓపిక పట్టాల్సిన చోటు ఒకటుంది. జమ్ము ఆకు కొనకి మంచు చేరి చేరి బొట్టవుతుంది, ఆ బొట్టు నీళ్లలో పడుతుంది, వలయం విచ్చుకుంటూ పోయి అవతలి చెట్టు నీడని వంకరటింకర చేసేస్తుంది. ఆ వలయం మన ఫ్రేము దాటేదాకా ఆగండి. చేప ఎగిరినా, నీటి మీద పరుగులు తీసే పురుగు వచ్చినా అంతే. కొన్నిసార్లు ఆ వలయమే బొమ్మ, బొట్టు పడ్డ తర్వాత రెండో సెకను దగ్గర వలయం గుండ్రంగా, నీడ ఇంకా సగం నిలిచి ఉంటుంది, కాబట్టి కెమెరా సిద్ధంగా పెట్టుకుని వరసగా నాలుగైదు తీయండి.

సూర్యుడికి ఎదురుగా

చిన్నప్పటి నుంచి సూర్యుడిని వెనక పెట్టుకుని తీయాలని విన్నాం. మంచుకి అది వర్తించదు. మంచుబిందువులు తమ మీద పడ్డ వెలుతురుని ఎక్కువగా ముందుకే చిమ్ముతాయి, అంటే సూర్యుడికీ మనకీ మధ్య ఉన్న మంచు వెలుగుతుంది, సూర్యుడు మన వెనక ఉంటే ఎదుటి మంచు పేలవమైన తెల్లగోడై నిలుస్తుంది. కాబట్టి తూర్పుకి తిరగండి, సూర్యుణ్ని ఒక చెట్టు బోదె వెనకకి తెచ్చుకోండి. అలా అడ్డం పెడితే లెన్స్‌లో మెరుపు మరకలు పడవు, చెట్టు చుట్టూ మంచులో కిరణాలు చీలిపోతాయి. ఈ వేళ ఎక్స్‌పోజర్ పెంచడం ఆపేసి సున్నాకి తెచ్చుకోండి, సూర్యుడి చుట్టూ తెల్లగా కాలిపోతుంటే ఇంకాస్త దించండి.

వెనక్కి కూడా ఓసారి తిరిగి చూడండి. సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున, మన తల నీడ చుట్టూ సుమారు 40 డిగ్రీల దూరంలో మంచులో రంగుల్లేని తెల్లటి విల్లు కనిపించవచ్చు. ఇది వానవిల్లుకి దగ్గరి బంధువే, మంచుబిందువులు వానచినుకుల కంటే చాలా చిన్నవి కావడంతో రంగులు ఒకదానిమీదొకటి పడి తెల్లబడతాయి. అది కనిపిస్తే మాత్రం వైడ్ లెన్స్ పనికొస్తుంది.

ఫోన్‌తో తీసేవాళ్లకి

పైన చెప్పిన దాదాపు అన్నీ ఫోనుకీ పనికొస్తాయి, ఒక్క తేడా, ఫోను మనకి తెలియకుండా చాలా పనులు చేసేస్తుంది. మంచులోని మెత్తదనాన్ని లోపమనుకుని ఆటోమేటిక్‌గా కాంట్రాస్ట్ పెంచేస్తుంది, హెచ్‌డీఆర్ (వెలుగుచీకట్లని కలిపి సరిచేసే మోడ్) ఆపే వీలుంటే ఆపేయండి, ప్రో మోడ్ ఉంటే అందులో రా పెట్టండి. లేకపోతే ముదురుగా ఉన్న అంచు మీద వేలు నొక్కి పట్టుకుని లాక్ చేసి, సూర్యుడి బొమ్మని కొంచెం పైకి జరపండి, తెరమీద మంచు తెల్లగా కనిపించేదాకా. ఫ్లాష్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, దగ్గరి మంచుబిందువులు వెలిగిపోయి ఫొటో అంతా తెల్ల చుక్కలవుతుంది.

ఫోన్‌ని తలకిందులుగా పట్టుకోండి. లెన్స్ కింది వైపుకి వచ్చి నీటికి రెండు వేళ్ల ఎత్తులోకి దిగుతుంది, ఇది కెమెరాలతో కూడా చేయలేని పని. మణికట్టుకి తాడు కట్టుకోవడం మరచిపోకండి. జూమ్ వేళ్లతో లాగకండి, ఫోనులో రెండో మూడో లెన్స్ ఉంటే దాన్ని ఎంచుకోండి, లేదంటే అలాగే తీసి తర్వాత కోయండి.

ఇంటికొచ్చాక

ఎడిటింగ్‌లో డీహేజ్ (మసక తొలగించే) స్లైడర్ కుడికి లాగాలని చేయి లాగుతుంది, లాగితే మంచు పోతుంది, చెట్లు మిగులుతాయి, ఫొటో మధ్యాహ్నపు చెరువులా మారిపోతుంది. కావాలంటే దాన్ని ఎడమకి, మైనస్ 5, మైనస్ 10 దాకా జరిపి చూడండి. కాంట్రాస్ట్ అవసరమైతే దగ్గరి మోడుకి, పడవకి మాత్రమే ఇవ్వండి, దూరపు వరసల్ని తాకొద్దు, దగ్గరిది ముదురుగా దూరపుది పల్చగా ఉండటమే కదా లోతు. తెల్లటి మంచులో సెన్సర్ మీది దుమ్ముచుక్కలు బాగా బయటపడతాయి, నూరు శాతం పెద్దది చేసి ఒక్కొక్కటే తుడవండి.

ఆఖరిగా, నీడ విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంటుంది. నీళ్లలో చీకటిగా ఉందని షాడోస్ పెంచుతూ పోతే నీడ అసలు చెట్టుకంటే వెలుగ్గా తయారవుతుంది. నీరు ఎంతోకొంత వెలుతురుని మింగే తీరుతుంది కాబట్టి ఆకాశం నీడ ఆకాశం కంటే ఎప్పుడూ కాస్త ముదురే. ఎంత ముదురన్నది కోణాన్ని బట్టి ఉంటుంది, సాధారణంగా అర స్టాప్ నుంచి ఒక స్టాప్ తేడా వదిలితే కన్ను నమ్ముతుంది. ఎడిట్ చేసిన ఫొటోని ఒక్కసారి తలకిందులు చేసి చూడండి, నీళ్లలోది ఏదో పైన ఆకాశంలోది ఏదో వెంటనే తెలియకపోతే స్లైడర్ కాస్త వెనక్కి జరపండి.